ట్యూనర్ మీద నా చెయ్యి

కొత్తగా మా ఇంటికి వచ్చినవాళ్లు ఆ రేకు పెట్టెను చూసి రేడియో అనుకునేవారు. రేడియో అది కాదు, దాని పక్కది. పెట్టెను మేము ట్యూనర్ అనేవాళ్లం. పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టిన రాగితీగ తిన్నగా రేడియోలోకి పోకుండా ముందు ఈ పెట్టెలోకి వచ్చేది. లోపల ప్లాస్టిక్ గొట్టం మీద చుట్టిన తీగ, దాని మీద అక్కడక్కడ పట్టుకోవడానికి ఒక క్లిప్పు, పాత రేడియోల నుంచి తీసిన రెండు కండెన్సర్లు ఉండేవి. బయటికి రెండు నల్ల నాబులు. మనకు కావలసిన స్టేషనుకు తీగను సరిపెట్టి, మిగతా గోలను గుమ్మం బయట నిలబెట్టడం దాని పని.

అది మా ఆయన చేతిపని. వరసకు నాకు మేనమామ, అందుకే పెళ్లయ్యాక కూడా మావా అనే పిలిచేదాన్ని. మిలటరీలో వైర్‌లెస్ పని చేసి పింఛనుతో ఊరికి వచ్చాడు. ఉద్దానంలో మాకు నాలుగు కొబ్బరిచెట్లు, కాస్త జీడితోట ఉన్నాయి. తోటను నాకు వదిలేసి ఆయన తీగ కట్టుకున్నాడు. చెట్లు సముద్రపు గాలికి ఊగుతాయి కదా, తీగ తెగిపోకుండా ఒక కొసను వలతాడుతో మట్ట మొదలు మీదుగా దింపి రాయి వేలాడదీశాడు. చెట్టు ఊగినప్పుడు రాయి పైకీ కిందకీ జరిగేది. ఆ రాయి కదలడం చూసి గాలి ఎంతుందో చెప్పగలిగేదాన్ని. అంతకు మించి ఆ సరంజామాతో నాకు సంబంధం లేదు.

నేను పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేదాన్ని. పిక్క పగిలినప్పుడు కారే నూనె చేతుల్ని కాల్చి నల్లగా చేస్తుంది. బూడిద రాసుకున్నా, కొబ్బరినూనె రాసుకున్నా అది పోదు. ఒకసారి దుమ్ము తుడుద్దామని నాబు మీద గుడ్డ వేశాను.

"ఒసే, ఆ జీడి సేతులు దానికి తగలనియ్యకు," అన్నాడు. "అంకెలు సదవడం రాని దానివి, ఎక్కడున్నదాన్ని ఎక్కడికి తిప్పీసేవంటే మళ్లీ నాకు పూటంతా పడతాది."

ఆ తరువాత చాలా ఏళ్లు నేను ఆ బల్ల చుట్టూ ఊడ్చాను, దాని కింద ఊడ్చాను. బల్ల మీద చెయ్యి వెయ్యలేదు.

ఆయన విన్నదాన్ని విన్నట్టు రాసి ఆయా స్టేషన్లకు ఉత్తరాలు పంపేవాడు. ఏ రోజు, ఏ వేళకు, ఏ మీటరు మీద, ఎంత గట్టిగా వినిపించింది, మధ్యలో ఏ గోల అడ్డం వచ్చింది, ఏం చెప్పారు. అది నిజమని తేలితే వాళ్లు ఒక రంగుల కార్డు పంపుతారు. కార్డు మీద విన్నవాడి పేరు ఉంటుంది. ఆయన దగ్గర అలాంటి కార్డులు ఒక ఆల్బం నిండా ఉండేవి. ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్లు, తరువాత ఆల్బం. ప్రతి కార్డు మీదా ఆయన పేరే ఉందని నాకు తెలుసు. చదవడం రాకపోయినా ఆ పేరు ఆకారం గుర్తుపట్టేదాన్ని.

తరువాత మా ఊరి జబ్బు మా ఇంటికీ వచ్చింది. ఉద్దానంలో కిడ్నీల జబ్బు అంటే ఎవరూ వివరం అడగరు, రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎన్ని పాయింట్లు అని మాత్రం అడుగుతారు. ఎందుకొస్తోందో ఎవరికీ తెలియదు. నీళ్లే అని జనం నమ్మారు. మేమూ నమ్మాం. ఆయనకు బయటపడిన వారమే మా మరిది వచ్చి పెరటి బావి మీద సిమెంటు రేకులు కప్పి, పైన రాళ్లు పెట్టాడు. తాగడానికి టిన్నుల నీళ్లు, వాడకానికి వీధి కుళాయి నీళ్లు. అంట్లు, స్నానాలు, బట్టలు అన్నీ ఇంటి ముందుకు మారాయి. బావి దగ్గర చుక్క నీరు పడటం ఆగిపోయింది. అప్పట్లో అది మంచిదే అనుకున్నాం.

వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. ఎడమచేతి నరం డయాలసిస్ సూదులకు పోయింది. కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి వణికేవి. గ్లాసు పట్టుకోగలడు, పెన్ను ఓపిక ఉంటే పట్టుకోగలడు. కానీ ట్యూనర్ నాబు వెంట్రుక మందం తిప్పాలి. దాటితే పోతుంది, వెనక్కి వస్తే పోతుంది. ఆయన వల్ల కాలేదు. రెండు రోజులు ఒక్కడే కుస్తీ పట్టి, మూడో రోజు నన్ను పిలిచాడు.

"ఇలాగ రా. సేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నాను గాని నలుపు పోదు మావా."

"పోకపోతే పోనీ. ఎడం నాబు పట్టుకో. నాను సెప్పినంతే తిప్పు. ఎక్కువ తెలివి సూపించకు."

అలా నేర్చుకున్నాను. ముందు రేడియోలో స్టేషను దగ్గరికి వెళ్లాలి. ఎక్కడో నూతిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. అప్పుడు క్లిప్పును తీగచుట్ట మీద ఒక్కొక్క మెట్టూ మార్చి, హోరు ఎక్కడ ఎక్కువైందో అక్కడ వదిలెయ్యాలి. తరువాత ఎడమ నాబును మెల్లగా తిప్పితే హోరు పాలు పొంగినట్టు లేస్తుంది. పొంగు విరిగే ముందు ఆగాలి. కుడి నాబుతో అలాగే, మళ్లీ ఎడమ. అప్పుడు నూతిలోని మనిషి గట్టు మీదికి వచ్చి కూర్చుంటాడు. నెల తిరిగేసరికి ఆయన చెప్పకముందే ఆగడం నాకు వచ్చేసింది. ఆయన బాగుంది అనలేదు. "ఊఁ" అనేవాడు.

ఒక్కటే చిక్కు. నాబు మీంచి చెయ్యి తీస్తే గొంతు మళ్లీ నూతిలో పడిపోయేది.

"సెయ్యి తియ్యకు."

"ఎంతసేపు?"

"అయ్యేదాక."

సముద్రం అవతలి ఒక దేశం నుంచి రోజూ సాయంత్రం అరగంట తెలుగులో వచ్చేది. అదే ఆయన ప్రాణం. ఆ అరగంట నేను బల్ల పక్కన నిలబడి నాబు మీద చెయ్యి వేసి ఉండేదాన్ని. పొయ్యి మీద కూర మాడినా, దూడ తాడు తెంపుకున్నా అలాగే. ముక్కు దురద పెడితే ఎడమచేత్తో గోక్కునేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు, ఓపిక ఉంటే మధ్యమధ్య రెండు ముక్కలు రాసుకునేవాడు. నా చోట ఒక మేకు ఉన్నా అంతే చేసేవాడేమో.

నేను అక్షరాలు నేర్చుకున్నది డయాలసిస్ సెంటరు వరండాలో. లోపల ఆయనకు నాలుగు గంటలు. బయట బెంచీ మీద నాకూ నాలుగు గంటలు. టెక్కలి వైపు నుంచి ఒకామె భర్తను తెచ్చేది. పదో తరగతి చదివింది. కాలక్షేపానికి పేపరు తెచ్చుకునేది. ఒకరోజు ఆమె పేపరు మీద వేలు పెట్టి, ఇది ఏటక్కా అని నేను అడిగాను. "అ" అంది. "ఇంతేనా" అన్నాను. "ఇంతే. మరి దీనికోసం మీ ఇంట్లోవోళ్లు నిన్ను ఇన్నాళ్లు తెలివితక్కువదాన్ని సేసీసేరు," అని నవ్వింది. ఆమె భర్త రెండేళ్లు ఉన్నాడు. అతను పోయాక ఆమె రావడం మానేసింది. అప్పటికి నాకు గుణింతాలు, వత్తులు వచ్చేశాయి. యాభై దాటిన నా బుర్రకు వత్తులు ఎంత కష్టమయ్యాయో చెప్పలేను. జీడిపిక్క పగలగొట్టడం అంతకన్నా సులువు.

చదవడం వచ్చాక నేను మొదట తీసింది ఆ ఆల్బం. తెలుగులో వచ్చిన కార్డులు చదివాను. మీ శ్రద్ధకు అభినందనలు, మీ వంటి శ్రోతలే మాకు బలం. అన్నీ ఆయనకు. ఆయన చెయ్యి పనిచేయడం మానేసిన తరువాత వచ్చినవి కూడా ఆయనకే. ఆ స్టేషన్లను పట్టింది నా చెయ్యి. నాకూ ఒక కార్డు కావాలి అనిపించింది. నా పేరు అచ్చులో ఎక్కడా లేదని కాదు, రేషన్ కార్డు మీద ఉంది, ఓటరు కార్డు మీద ఉంది. కానీ అక్కడ నేను ఫలానావారి భార్యను. ఈ కార్డు మీద నేను ఏదో విన్నదాన్ని అవుతాను.

ఆయనతో అన్నాను.

"మావా, ఈసారి రిపోర్టు నాను రాత్తాను. నా పేరు మీద."

ఆయన మంచం మీంచి నన్ను కింద నుంచి పైకి చూశాడు. "నీకేటికే కార్డు? పొయ్యిలో ఎడతావా?"

"నీ ఆల్బంలోనే పెట్టుకుంటాను. ఒక మూల."

"రేడియో ఎవలిది? తీగ ఎవలు కట్టేరు? పెట్టె ఎవలు సేసేరు?"

"తిప్పుతన్నది ఎవలు?"

"నాగలికి ఎద్దుని కడతాం. పంట ఎద్దు పేరు మీద రాసీసుకుంటామేటి?" అని తన మాటకు తనే నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. నేను వీపు రాశాను.

అసలు రాయడానికి నాకు చెయ్యి ఎక్కడ ఖాళీ? కుడిచెయ్యి నాబు మీద ఉండాలి. వింటూ రాసుకుంటేనే రిపోర్టు. తరువాత గుర్తు తెచ్చుకుని రాస్తే కల్పించి రాసినట్టు ఉంటుందని ఆయనే అనేవాడు.

ఆ ఏడాది ముసురు పట్టి వారం కురిసింది. ఒక సాయంత్రం చూరు నీళ్లు మంచం మీద పడుతుంటే మరిచిపోయి నాబు వదిలేసి మంచం జరిపాను. గొంతు పడిపోలేదు. గట్టు మీదే కూర్చుని మాట్లాడుతున్నాడు. మర్నాడు కావాలనే వదిలి చూశాను. ఉంది. ముసురు వెలిసిన నాలుగో రోజున మళ్లీ చెయ్యి కావలసి వచ్చింది. అంటే నీళ్లకూ దీనికీ ఏదో ఉంది అనుకున్నాను. పెట్టె వెనక నుంచి ఒక పచ్చ తీగ కిటికీలోంచి బయటికి పోతుంది. దాన్ని పట్టుకుని వెళ్లాను. అది మూసేసిన బావి పక్కన, ఒకప్పుడు మా స్నానాల నీళ్లు పారిన చోట, ఇసుకలో దిగేసిన రాగి కడ్డీకి కట్టి ఉంది. కడ్డీని వేళ్లతో కదిపితే పేలపిండిలో పుల్లలా కదిలింది. ఇసుక పైన తడి ఆరిపోయింది, లోపల మరీ పొడి.

దాన్ని ఎర్త్ అంటారని నాకు తెలుసు. నేల తడిగా ఉండి ఆ కడ్డీని పట్టుకోవాలి. మేము బావికి భయపడి నీళ్లు మానేశాం, కడ్డీకి నేల లేకుండా పోయింది. నేల చెయ్యాల్సిన పనిని అన్నాళ్లూ నా ఒళ్లు చేసింది. చెయ్యి నాబు మీద, కాళ్లు గచ్చు మీద. ఆ పెట్టెకు నేనే ఎర్త్.

రాళ్లు దింపి రేకు పక్కకు జరిపాను. మూడేళ్లుగా ముట్టుకోని నీళ్లు. చేద వేస్తుంటే విషం తోడుతున్నట్టే ఉంది. తాగడానికి కాదు కదా అని నాలుగు చేదలు కడ్డీ చుట్టూ పోశాను. ఆ సాయంత్రం నాబు సరిపెట్టి, చెయ్యి తీసి, ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాను. గొంతు గణగణలాడుతోంది.

ఆయన కళ్లు తెరిచాడు. "ఏటి సేసేవు?"

"ఎర్త్ కాడ నీళ్లు పోసినాను."

ఆశ్చర్యపోతాడని చూశాను. ఆయన మళ్లీ కళ్లు మూసుకుని, "గుప్పెడు ఉప్పు కూడా ఎయ్యి. తడి ఇంకా నిలుస్తాది," అన్నాడు.



"అయితే నీకు తెలుసా?"

"అన్నేళ్లు వైర్‌లెస్ సేసినోడికి ఎర్త్ తెలీదేటే?"

"మరి సెప్పలేదేటి? మూడేళ్లు నిలబడ్డాను గదా."

"నీ సెయ్యి ఉంది గదా," అన్నాడు. కోపంగా అనలేదు, ఎత్తిపొడుపుగానూ అనలేదు. ఉన్నమాట అన్నట్టు అన్నాడు. అదే నన్ను ఇప్పటికీ కోస్తుంది.

మర్నాటి నుంచి నా చేతిలో పెన్సిలు. విన్నది విన్నట్టు రాసుకున్నాను. వారం రోజులది కలిపి, తప్పులు దిద్ది, మూడుసార్లు తిరగరాసి ఉత్తరం చేశాను. గొంతు ఎంత గట్టిగా ఉందో, గోల ఎంత ఉందో ఆయన వేసే అంకెలే వేశాను. చివర నా సొంతంగా కొంత రాశాను. మాది ఇసుకనేల అనీ, జబ్బుకు భయపడి బావి మూసేశామనీ, దాంతో ఎర్త్ ఎండిపోయిందనీ, తాగడానికి పనికిరాని నీళ్లు మీ గొంతు వినడానికి పనికొచ్చాయనీ. కింద నా పేరు రాశాను. సంతకంలా కాదు, విడివిడిగా, ఎవరైనా చదవగలిగేటట్టు.

కవరు మీద అడ్రసు ఇంగ్లీషులో రాయాలి. నాకు రాదు. ఆయన్నే అడిగాను.

"అక్కడెట్టు. ఓపికున్నప్పుడు రాత్తాను."

రెండు రోజులు ఆయన పరీక్ష అట్ట మీద కాగితం పెట్టుకుని వణికే వేళ్లతో ఏదో రాయడం చూశాను. కొట్టివేస్తూ, ఆగుతూ. అడ్రసు బాగా రావాలని సాధన చేస్తున్నాడు అనుకున్నాను. నా కోసం అంత కష్టపడుతున్నాడని ఆ పూట చేపలపులుసు ముక్క ఒకటి ఎక్కువ వేశాను, డాక్టరు వద్దన్నా. కవరు ఆయనే అంటించాడు. పోస్టుమ్యాను వస్తే మంచం మీంచే పిలిచి ఇచ్చాడు.

చాలా రోజులకు, రేడియోలో శ్రోతల ఉత్తరాలు చదివే రోజున, నేను నాబు సరిపెట్టి పీట మీద కూర్చున్నాను. మొదటి ఉత్తరం ఎవరిదో. రెండోది మొదలుపెట్టారు. మాది ఇసుకనేల, అని చదివాడు ఆ మనిషి. నా వీపు నిటారైంది. జబ్బుకు భయపడి బావి మూసేశాం, అన్నాడు. నా మాటలు, నేను మూడుసార్లు తిరగరాసిన మాటలు, సముద్రం దాటి మళ్లీ మా ఇంటికి వస్తున్నాయి. తాగడానికి పనికిరాని నీళ్లు మీ గొంతు వినడానికి పనికొచ్చాయి, అని చదివి ఆ మనిషి కాస్త ఆగాడు. ఎంత చక్కని మాట అన్నాడు. తరువాత పేరు చదివాడు. శ్రీకాకుళం జిల్లా, మా ఊరు, ఆయన పేరు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన ఇంటికప్పు చూస్తున్నాడు.

"నా కాగితం ఏది?"

"అచ్చరాలు బాగోలేవు. సాపు రాసినాను."

"పేరు కూడా సాపు రాసినావా?"

"వాళ్లకి నా పేరు తెలుసే. ఎన్నేళ్ల నుంచో నాను రాత్తన్నాను. కొత్త పేరు సూత్తే పక్కన పడీస్తారు. నీ మాటే గదా సదివేరు, ఇన్నావు గదా. ఇంకేటి గావాల నీకు?"

నేను లేచి రేడియో కట్టేశాను. ఆయన ఉన్న గదిలో ఆయన రేడియోను నేను కట్టెయ్యడం అదే మొదలు.

మర్నాడు సాయంత్రం అడిగాడు. "బావి కాడ నీళ్లు పోసినావా?"

"ఉపాయం నీదే అని అందరికీ సెప్పినావు. నువ్వే పోసుకో."

ఆయన లేచి చేద తోడగలిగే మనిషి కాదని నాకు తెలుసు. ట్యూనర్ సరిపెట్టడం మానలేదు. రోజూ సరిపెట్టి, చెయ్యి తీసి, వంటింట్లోకి పోయేదాన్ని. ఇసుక ఎండుతున్నకొద్దీ గొంతు రోజుకు కొంచెం దిగింది. మొదట మాట తెలిసేది. తరువాత మగగొంతో ఆడగొంతో తెలిసేది. తరువాత హోరు. ఆయన ఆ హోరును అరగంట వినేవాడు, కళ్లు మూసుకుని. ఇంకొక్కసారి అడిగి ఉంటే పోసేదాన్నేమో. ఆయన మళ్లీ అడగలేదు. నేను పొయ్యలేదు. ఎండలు ముదరకముందే ఒక డయాలసిస్ రోజున సెంటరు నుంచి తిరిగి వస్తూ ఆటోలో నా భుజం మీదే పోయాడు.

పెద్దదినం నాడు ఇంటి నిండా జనం. భోజనాలు సాగుతుండగా పోస్టుమ్యాను వచ్చి గుమ్మంలో ఆయన పేరు పిలిచి, నాలిక కరుచుకున్నాడు. మా మరిది అందుకున్నాడు. కార్డు. ఒకవైపు ఏదో దీవి, నీలం నీళ్లు. రెండోవైపు ఆయన పేరు, కింద చేతిరాతతో తెలుగులో రెండు వాక్యాలు. బావినీళ్ల మాట మా అందరికీ నచ్చింది, మీ ఉత్తరాన్ని మా గోడకు అంటించుకున్నాం అని.

మరిది దాన్ని పంక్తి అంతా తిప్పాడు. "సూడండి. పోయినోడు పోయినా పైదేశం నుంచి కార్డు తెప్పించుకున్నాడు మా అన్న. బావినీళ్లతో రేడియో పలికించినాడంట."

నా చేతిలో పప్పు గిన్నె ఉంది. "ఆ ఉత్తరం నాను రాసినాను," అన్నాను.

తింటున్నవాళ్లు తల ఎత్తారు. మరిది నా వైపు జాలిగా చూశాడు.

"అవును వదినా. ఆఖర్న అన్నయ్య సెయ్యి ఆడనప్పుడు ఆయన సెప్తే నువ్వు రాసీదానివి. ఊరికి తెలీదేటి?" అని పక్కవాడి వైపు తిరిగి, "అచ్చరం ముక్క రాని మనిషికి ఈ వయసులో సదువు సెప్పించేడురా. అలాటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు," అన్నాడు.

పక్కవాడు తల ఊపాడు. ఆడవాళ్లలో ఒకరు కళ్లు ఒత్తుకున్నారు. ఇంకో విస్తరి దగ్గర పప్పు అడిగారు, నేను వడ్డించాను.

ఆ కార్డు ఇప్పుడు మా మరిది ఇంట్లో అద్దం కట్టించి ఉంది, ఆయన మిలటరీ ఫొటో పక్కన. ఆ తెలుగు అరగంటను ఆ దేశంవాళ్లు రేడియో మీద ఆపేశారు, ఫోనులో వస్తుందట, కార్డులు లేవట. మరిదిని అడిగితే కార్డు ఇచ్చేస్తాడు. అన్న గుర్తుగా ఉంచుకో వదినా అని నా చేతిలో పెడతాడు. అందుకే అడగలేదు.